సొరకాయ ఉడికిన నీళ్ళు

ఆ ఏడాది పడుకున్నంత నేను నా జన్మలో ఎప్పుడూ పడుకోలేదు. మిరప కోతల రోజుల్లో పగలు నిద్రపోయే ఆడది మా ఊళ్ళో ఉండదు. ఉంటే నలుగురూ నాలుగు మాటలంటారు, ఆ నలుగురిలో నేనూ ఒకదాన్ని. అలాంటిది ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, కళ్ళంలో కాయలు ఏరుతున్న కూలీలకు మంచినీళ్ళు పట్టుకెళ్ళి, ఆరబోసిన పట్టా అంచున కాసేపు కూర్చుందామని కూర్చుని అలాగే నిద్రలోకి జారిపోయాను. కళ్ళు మూసుకున్నా అంతా ఎరుపే. ఆ ఎరుపులో నేను బరువు లేకుండా ఎటో పోతున్నాను, ఘాటు కూడా దూరం నుంచి వస్తున్నట్టుంది. ఎవరో తుమ్మితే మెలకువ వచ్చింది. చూస్తే మా ఆయన నా ఎదురుగా నిలబడి నా పాదాల వంక చూస్తున్నాడు. అవి పొంగిపోయి, చెప్పుల పట్టీలు లోపలికి దిగబడి ఉన్నాయి.

"వేడి చేసుంటది," అంది మా అత్తమ్మ. మూడు రోజులు పొద్దునా సాయంత్రం కొబ్బరినీళ్ళు తాగించింది. నాలుగోరోజు పొద్దున అద్దంలో నా ముఖం నేనే గుర్తుపట్టలేదు. అప్పుడు గుంటూరు వెళ్ళాం.

ఇదంతా ఇప్పుడు రాస్తున్నానంటే గండం గడిచిందనే. పూర్తిగా గడిచిందని కాదు, ఈ జబ్బులో పూర్తిగా గడవడం అనేది ఉండదట. రాస్తే నా మనసు కాస్త కుదురుకుంటుందని రాస్తున్నాను. మాలాగే పొరపాటు చేసే ఇళ్ళు ఇంకా ఉంటాయని కూడా.

మా ఊరు గుంటూరు నుంచి బస్సులో గంటన్నర. మాకు ప్రకాశం జిల్లా పొలిమేర దగ్గరే. నల్లరేగడి నేల, నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి. ఇంట్లో మేం ముగ్గురం: నేను, మా ఆయన, మా అత్తమ్మ. మా అమ్మాయి పెళ్ళయి చీరాలలో ఉంటుంది. అత్తమ్మకు డెబ్భై రెండేళ్ళు. నేను కాపురానికొచ్చిన ఇరవయ్యారేళ్ళలో వంటగది ఆమె నా చేతికి ఇచ్చింది లేదు, నేను లాక్కున్నదీ లేదు. పొలం పని నాది, పొయ్యి పని ఆమెది. నా గురించి ఆమె ఒక్క మంచి మాట అనగా నేను వినలేదు. కాకపోతే రోజూ అన్నం పెట్టి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే అడిగేది, "ఉప్పు సరిపోయిందా?" అని. నేను పళ్ళెం వంక చూడకుండానే "ఆఁ" అనేదాన్ని. అదే మా ఇద్దరి మధ్య మాటామంతీ.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరుగారు మెల్లగా మాట్లాడే మనిషి. బీపీ ఎప్పటినుంచో ఉందనీ, అది మేం చూసుకోలేదనీ, రెండు కిడ్నీలూ కలిసి చేయాల్సిన పనిలో పావువంతే చేస్తున్నాయనీ చెప్పారు. నాకు ఆ మాటలు నీళ్ళ అడుగు నుంచి వింటున్నట్టున్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ ఫ్యానుకి మూడు రెక్కలే కదా, ఒకటి ఊడిపోతే తిరుగుతుందా అని ఆలోచిస్తున్నాను. పక్కన మా ఆయన "డయాలసిస్ అంటారా?" అని అడిగాడు. ఆ మాట ఆయన నోట్లోంచి రావడం చూసి భయం అప్పుడు పట్టుకుంది నన్ను. "ఇప్పుడే కాదు. తిండి, మందులు జాగ్రత్తగా ఉంటే వెనక్కి నెట్టొచ్చు. ఎన్నాళ్ళు నెట్టగలమో మీ చేతిలో కూడా ఉంది," అన్నారాయన.

ఆహారం గురించి చెప్పే అమ్మాయి వేరే గదిలో ఉంది. చిన్నపిల్ల, చదువు పూర్తయి ఏడాది కూడా అయి ఉండదు. ఒక కాగితం ఇచ్చింది. ఒకవైపు తినదగినవి, ఒకవైపు తినకూడనివి. గోంగూర, టమాటా, పాలకూర, బంగాళదుంప, చింతపండు, అరటిపండు, కొబ్బరినీళ్ళు అన్నీ రెండోవైపే. పొటాషియం ఎక్కువట, కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండెకే ప్రమాదమట. మూడు రోజులు తాగిన కొబ్బరినీళ్ళు గుర్తొచ్చి మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. మొదటివైపు సొర, బీర, పొట్ల, దొండ, క్యాబేజీ. అవి కూడా చిన్న ముక్కలు కోసి, నానబెట్టి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, నీళ్ళు వార్చి, అప్పుడు వండాలి. ఉప్పు లేదు. మా ఆయన ఇంటికొచ్చి అంతా అత్తమ్మకు అప్పజెప్పాడు. "కూరగాయలు ఉడికించి వార్చాలంటమ్మా, గుర్తుపెట్టుకో," అన్నాడు. ఆమె "వినపడిందిలే" అంది.

కారం మానమని ఆ కాగితంలో ఎక్కడా లేదు. మేమే మానేశాం. మా ఊళ్ళో ఎవరికి ఏ జబ్బొచ్చినా మొదట మాన్పించేది కారమే. చుట్టూ ఎటు చూసినా మిరపకాయలు, నా పళ్ళెంలో మాత్రం తెల్లటి సొరకాయ ముక్కలు, తెల్లటి అన్నం. ఆ రోజు నుంచి అత్తమ్మ వడ్డించాక ఆ మాట అడగడం మానేసింది. ఉప్పు వేయని కూర పెట్టి ఉప్పు సరిపోయిందా అని ఏం అడుగుతుంది? నేను "ఆఁ" అనడానికి కూడా ఏమీ మిగల్లేదు. అంత చిన్న మాట లేకపోతే ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలీదు.

మార్చి, ఏప్రిల్ నెలలు నాకు వరుసలో గుర్తు లేవు. మధ్యాహ్నం వసారాలో నవారు మంచం మీద పడుకునేదాన్ని. కల ఎప్పుడూ ఒకటే. కళ్ళం నిండా ఎర్రగా పోసిన కాయ, నేను దానిమీద నడుస్తుంటే అడుగు పెట్టిన చోటల్లా తెల్లబడిపోతుంది. వెనక్కి తిరిగి చూస్తే నా అడుగులు వరసగా తెల్లగా ఉంటాయి. భయమేమీ వేసేది కాదు. ఎవరి అడుగులో అన్నట్టు చూసి మళ్ళీ నడిచేదాన్ని. మెలకువ వచ్చాక నోట్లో ఇనుము నాకినట్టు ఉండేది. అన్నం చూస్తే వెగటు. రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకి నెట్టేసేదాన్ని. ఎముకలు తేలాయి. మా ఆయన బతిమాలేవాడు, తర్వాత కోప్పడేవాడు, తర్వాత ఆయనా తినకుండా లేచిపోయేవాడు. ఆయన మీద నాకు ఒళ్ళు మండేది. నా రోగం నన్ను పడనివ్వకుండా ఈయనొకడు అనుకునేదాన్ని.

ఒక్కటి మాత్రం నోటికి హితవుగా ఉండేది. అత్తమ్మ పెట్టే చారు. చింతపండు లేకుండా నిమ్మకాయ పిండి, మిరియాలు, జీలకర్ర దంచి వేసి, వెల్లుల్లితో తాలింపు పెట్టేది. ఆ ఆవిరికి నాకు ప్రాణం లేచొచ్చేది. గ్లాసులో పోసుకుని ఊదుకుంటూ తాగేదాన్ని. నేను ఇంకో గ్లాసు అడిగితే ఆమె ముఖంలో ఒక వెలుగు కనపడేది, నేను చూసేలోపు అటు తిరిగిపోయేది.

ఏప్రిల్ చివర్లో పరీక్షకు వెళ్ళినప్పుడు బాబాయిగారు పరిచయమయ్యారు. బాబాయి అని నేను పెట్టుకున్న వరసే. మంగళగిరిలో మగ్గం పని చేస్తారు, అరవై దాటి ఉంటాయి. ఆయనకీ ఇదే జబ్బు, మూడేళ్ళ నుంచి. ఆస్పత్రి హాల్లో టోకెను నంబరు కోసం చూస్తూ పక్కపక్కన కూర్చున్నాం. ఆయన సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచారు. ఇంగువ, అల్లం, కరివేపాకు వాసన. రెండు నెలల్లో మొదటిసారి నాకు ఆకలి వేసింది. సిగ్గు లేకుండా డబ్బాలోకి తొంగి చూశాను. బియ్యపురవ్వ ఉప్మా. పైన రెండు ఎర్రటి ఎండుమిరపకాయలు.

"మీరు కారం తింటారా బాబాయిగారూ?"

"ఎందుకు తినను? నీకెవరు మానమన్నారమ్మా?"

నేను ఆలోచించాను. "ఎవరూ అన్లేదండి. మేమే మానేశాం."

ఆయన నవ్వలేదు. చెంచాతో సగం ఉప్మా డబ్బా మూతలో పెట్టి నా చేతికిచ్చారు. "ఉప్పు లేదులే, తిను. ఇంట్లో దంచిన కారమైతే అందులో ఉప్పు పడుద్ది, అది వద్దు. ఎండుకాయ ఒకటో రెండో తాలింపులో వేసుకుంటే ఏం కాదని నాకు ఆ గదిలో అమ్మాయే చెప్పింది. నువ్వూ అడుగు." తర్వాత తన వేళ్ళు చూసుకుంటూ అన్నారు, "నాకు పడుగు, అదే నిలువు దారం, ఎప్పుడూ ఆ తెల్ల నూలేనమ్మా. అంచు మారుద్ది, బుటా మారుద్ది. నలభై ఏళ్ళ నుంచి అదే మగ్గం మీద కూర్చున్నా, ఒక్క చీర విసుక్కుని నెయ్యలేదు. తిండి కూడా అంతే అనుకున్నా."

నేను ఆ గది అమ్మాయిని అడిగాను. ఆమె నా కాగితం మళ్ళీ చూసుకుని, సరేనంది. ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ నమ్మలేదు. "నీకు నాలిక లాగి అట్టా అంటన్నావు," అంది. ఎండుమిరపకాయ నా కూరలో పడలేదు. నాకు దెబ్బలాడే ఓపిక లేదు, మళ్ళీ వెళ్ళి మంచమెక్కాను.

జూన్‌లో వానలు ముందే పడ్డాయి. పత్తి గింజలు పెట్టే హడావిడిలో మా ఆయనకు ఊరు కదలడం కుదరక, పరీక్షకి అత్తమ్మ నా వెంట వచ్చింది. మంచి చీర కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, పెళ్ళికి బయల్దేరినట్టు బయల్దేరింది. నాకు దారిలో కళ్ళు తిరుగుతున్నాయి, కాళ్ళలో బలం లేదు. రిపోర్టు చూసిన డాక్టరుగారు వెంటనే గుండెకు పరీక్ష రాశారు. పొటాషియం ప్రమాదం దాకా పెరిగిపోయిందన్నారు. రెండు రోజులు ఉండాలి. "వచ్చే పరీక్షలో కూడా ఇలాగే ఉంటే ఇంక ఆగలేం. చేతికి చిన్న ఆపరేషన్ చేసి డయాలసిస్‌కి సిద్ధం చేసుకోవాల్సిందే. తినకూడనివి తింటున్నారా?" అని అడిగారు.

"ఏమీ తినట్లేదండి," అన్నాను. అది నిజం. ఇంత నోరు కట్టుకున్నాక కూడా ఇలాగైతే ఇంకెందుకు కట్టుకోవడం అనిపించి ఏడుపొచ్చింది.

సాయంత్రం ఆ గది అమ్మాయే నా మంచం దగ్గరికి వచ్చింది. పొద్దున లేచినప్పటి నుంచి ఏం తింటానో ఒక్కొక్కటీ చెప్పించుకుని రాసుకుంది. అంతా సరిగ్గానే ఉంది. ఆమె పెన్ను మూసేసి, మళ్ళీ తెరిచి అత్తమ్మను అడిగింది, "కూరగాయలు ఉడికించిన నీళ్ళు ఏం చేస్తున్నారమ్మా?"

"చారు కాస్తన్నా," అంది అత్తమ్మ గర్వంగా. "సత్తువంతా ఆ నీళ్ళలోనే కదమ్మా దిగేది. సొరకాయవి, క్యాబేజీవి అన్నీ కలిపి మరగబెట్టి పోస్తన్నా. కూర తినకపోయినా ఆ చారుతోనే నిలబడింది మా కోడలు."

ఆ అమ్మాయి అత్తమ్మ పక్కన కూర్చుని, చేయి పట్టుకుని మెల్లగా చెప్పింది, కూరలోంచి ఏది పోవాలని ఉడికిస్తున్నామో అదంతా ఆ నీళ్ళలోనే ఉంటుందని. అత్తమ్మ విన్నది. ఆ అమ్మాయి చేతిలోంచి తన చేయి నెమ్మదిగా వెనక్కి తీసుకుని కొంగులో పెట్టుకుంది.

వార్చమన్నారు గానీ పారబోయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా ఇళ్ళల్లో వార్చిన నీళ్ళు ఎవరు పారబోస్తారు? గంజి తాగుతాం, లేదా గేదెకు పోస్తాం. కందికట్టుతో చారు పెడతాం. ఉడికిన నీళ్ళు కాలవలో పోసిన ఇల్లాలిని మా ఊళ్ళో మనిషి కింద లెక్కెయ్యరు. ఇదంతా నాకిప్పుడు తెలుస్తోంది. ఆ రోజు తెలియలేదు. రెండు రోజుల తర్వాత బస్సులో ఇంటికొస్తూ, కిటికీలోంచి తడిసిన పొలాలు వెనక్కి జారిపోతుంటే, నిద్రకీ మెలకువకీ మధ్య నా నోరు జారింది. "నన్ను చంపడానికి చారే దొరికిందా అత్తమ్మా మీకు?"

ఆమె ఒళ్ళో సంచిని దగ్గరికి లాక్కుని ముందుకు చూస్తూ కూర్చుంది.

ఆ మర్నాటి నుంచి అత్తమ్మ వంటగదిలోకి రాలేదు. వసారా చివర గోడకి ఆనుకుని కూర్చునేది. పిలిస్తే వచ్చి తినేది, లేచి వెళ్ళిపోయేది. మా ఆయన వండాడు. ఆయన వండిన బీరకాయ గురించి రాస్తే ఆయన పరువు పోతుంది, వదిలేస్తున్నాను. అయిదో రోజు మధ్యాహ్నం నాకు మళ్ళీ ఆ కల వచ్చింది. ఎర్రటి కళ్ళం మీద తెల్లటి అడుగులు. ఈసారి నా అడుగుల పక్కన ఇంకో జత ఉన్నాయి, చిన్నవి, కాస్త ఎడమకి వాలినవి. అత్తమ్మ నడక అలాగే ఉంటుంది. లేచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. నేను చచ్చిపోతానన్న భయం నాలుగు నెలల నుంచి నా ఒక్కదానిదే అనుకున్నాను. ఆ భయం ఆమెకీ ఉండబట్టే రోజూ అన్ని నీళ్ళు మరగబెట్టిందని అప్పుడు తట్టింది నాకు.

ఒక పొట్లకాయ, కత్తిపీట పట్టుకెళ్ళి ఆమె ముందు పెట్టాను.

"నాకు కొయ్యడం రాదత్తమ్మా. చిన్న ముక్కలంట."

"ఇరవయ్యారేళ్ళ నుంచి ఏం నేర్చుకున్నావు?" అంది. కళ్ళు ఎత్తలేదు.

"మీరు నేర్పితేగా."

పొట్లకాయని నా వైపు జరిపింది. "నా చేత్తో వద్దులే అమ్మాయ్," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నేను కింద కూర్చున్నాను. బస్సులో అన్న మాట తప్పని చెప్పాను. మీ చారు లేకపోతే ఆ మూడు నెలలు నేను నోరు తెరిచేదాన్నే కాదని చెప్పాను, అదీ నిజమే. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత కత్తిపీట తన వైపు తిప్పుకుంది.

ఆ రోజు ముక్కలు ఉడికాక, వార్చిన గిన్నె పట్టుకుని ఆమె పెరట్లో తూము దగ్గర నిలబడిపోయింది. పారబోయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. అటూ ఇటూ చూసి, నీళ్ళు చల్లారేదాకా ఆగి, గోడ పక్కన బీరపాదు మొదట్లో పోసింది. "దీనికి లేవుగా ఈ రోగాలు," అంది.

పొట్లకాయకి ఆవపెట్టింది. తాలింపులో ఎండుమిరపకాయ ఒకటి, నా వైపు అనుమానంగా చూస్తూ వేసింది. ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఎన్నాళ్ళకో కళ్ళమ్మట మంచి నీళ్ళు. అక్కడి నుంచి ఆమెకు పట్టుదల పట్టుకుంది. బాబాయిగారి అంచుల మాట చెబితే "మగ్గం ఆయనకే తెలుసా, పొయ్యి నాకు తెలవదా" అంది. ఒకరోజు దొండకాయకి వెల్లుల్లి, ఒకరోజు సొరకాయకి అల్లం పచ్చిమిర్చి, ఒకరోజు క్యాబేజీలో చెంచాడు పెసరపప్పు. బియ్యప్పిండి రొట్టెలో ఉల్లిపాయ, జీలకర్ర. అప్పుడప్పుడు గుడ్డులో తెల్లసొన మిరియాలతో. నిమ్మచెక్క పక్కన ఎప్పుడూ ఉండేది. అయిదు కూరలే, కానీ వరుసగా రెండు రోజులు ఒకటే రుచి వచ్చేది కాదు. ఏ కొత్తది వెయ్యాలన్నా ముందు నా చేత ఆ అమ్మాయికి ఫోన్ చేయించేది. ఉప్పు బదులు వాడే ఉప్పని బజార్లో ఒకటి దొరుకుతుందని ఎవరో చెబితే కూడా అలాగే అడిగించింది. దాన్లో ఉన్నది పొటాషియమేనట, నాలాంటి వాళ్ళు ముట్టుకోకూడదట. ఇది చదివేవాళ్ళ ఇంట్లో ఈ జబ్బు ఉంటే మా వంటలు చూసి వండకండి. మీ రిపోర్టు వేరు. ఏది వెయ్యొచ్చో, ఏ నీళ్ళు ఎటు పోవాలో అన్నీ విప్పి అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

సెప్టెంబరు పరీక్ష రోజు హాల్లో బాబాయిగారు కనిపించారు. ఎడమ చేతి మీద ఆపరేషన్ చేసిన చోట ఉబ్బెత్తుగా ఉంది. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వస్తున్నారట. నా ముఖం చూసి ఆయనే సర్దిచెప్పారు. "మూడేళ్ళు నెట్టాంగా అమ్మా. ఆ మూడేళ్ళు బాగా తిన్నాను. అది ఎటూ పోదు." తర్వాత నా సంచి వైపు చూశారు. "ఈరోజు ఏం తాలింపు?" నేను డబ్బా తెరిచాను. బియ్యప్పిండి రొట్టె, అల్లం. మూతలో సగం పెట్టిచ్చాను. ఆయన కళ్ళు మూసుకుని నమిలారు. నేను కూడా ఒకరోజు అలాంటి చేతితో ఆ కుర్చీలో కూర్చుంటానని తెలుసు. ఎప్పుడన్నది మాత్రమే తెలియాలి.

ఆ రోజు రిపోర్టులో నా పొటాషియం దిగింది. కిడ్నీలు బాగుపడలేదు, కానీ జూన్‌లో ఉన్నచోటే ఆగాయి. "ఆపరేషన్ మాట ఇప్పుడొద్దు. ఇలాగే ఉండండి," అన్నారు డాక్టరుగారు. వెంట వచ్చిన మా ఆయన ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని కాసేపు లేవలేదు.

ఇంటికొచ్చేసరికి రెండు దాటింది. అత్తమ్మ గడపలోనే ఉంది. మా ఆయన విషయం చెప్పాడు. ఆమె లోపలికి వెళ్ళి అన్నం వడ్డించింది. బీరకాయ కూర, గోడ పక్క పాదుకి కాసినదే. ఆ పాదు ఆ ఏడు కాసినట్టు ఎప్పుడూ కాయలేదు. కూరలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు జీలకర్ర, ఒక ఎర్రటి కాయ. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"ఉప్పు సరిపోయిందా?" అంది అత్తమ్మ.

అనేసి, తనే ఉలిక్కిపడి ఆగిపోయింది. గరిటె చేతిలో అలాగే ఉంది. ఏడు నెలల తర్వాత ఆ మాట విన్నాను. ఈసారి పళ్ళెం వంక కాదు, ఆమె ముఖం వంక చూశాను.

"సరిపోయిందత్తమ్మా," అన్నాను. ఇంకొంచెం వెయ్యమని పళ్ళెం ముందుకు జరిపాను.